కారు అమ్మారా, మరి ఆర్‌సీ ఎవరి పేరు మీదుంది?

హన్మకొండ అయినా కరీంనగర్ అయినా పాత కారు అమ్మేటప్పుడు మామూలుగా జరిగేదేంటంటే, బండి పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టేసి, తేదీ గడి ఖాళీగా వదిలేసి, డబ్బులు లెక్కపెట్టుకుని తాళం చేతిలో పెట్టేయడం. ఆ ఖాళీ గడితోనే అసలు చిక్కు. కొన్నది బ్రోకరైతే ఆ కాగితాలు అలాగే పెట్టుకుని ఇంకొకరికి అమ్ముతాడు, ఈలోపు యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాళ్లదే, 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. చలాన్లు సరేసరి.

అందుకే తేదీ మీ చేత్తోనే రాయండి. డెలివరీ నోట్‌లో, అంటే బండి అప్పగించినట్టు రాసుకునే కాగితంలో, బండి ఇచ్చిన టైం, కిలోమీటర్ రీడింగ్ వేసి ఇద్దరూ సంతకం చేయండి. రాష్ట్రం లోపలే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకి తెలపాల్సింది అమ్మినవాళ్లే. లోన్ తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంటే బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లోన్ ముగిసిందని చెప్పే ఫారం 35 ముందే తెచ్చుకోండి, అది లేకుండా ఫైలు కదలదు.

కొనేవాళ్లు ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మాత్రం బండితో రాదు, అది అమ్మినాయనదే. బేరంలో ఎవరైనా దాన్ని చూపించి రేటు పెంచితే నవ్వి ఊరుకోండి.