చేత్తో చేసిన వైబ్రాటో పెడల్ వచ్చిందా? ముందు అడాప్టర్ చూడండి

వైబ్రాటో పెడల్ అంటే గిటార్ స్వరం శ్రుతిని ఊగించే, కాలితో నొక్కే పెట్టె. ఇలాంటివి చేత్తో తయారుచేసే చిన్న బిల్డర్ల దగ్గర కొన్న పెడల్‌కి మాన్యువల్ రాదు. నా దాని మీద స్పీడ్ (ఊపు ఎంత వేగం), డెప్త్ (ఊపు ఎంత పెద్దది) అని రెండు నాబ్‌లు, వాటి కింద మార్కర్ పెన్నుతో రాసిన పేర్లు, అంతే. గుంటూరులో మా చర్చిలో ఆదివారం ఆరాధనకి గిటార్ వాయిస్తాను. కొత్తది ఏదైనా శనివారం రిహార్సల్‌కి తీసుకెళ్లే ముందు ఇంట్లోనే పరీక్ష పెడతాను.

మొదట కరెంటు సంగతి. గిటార్ పెడల్స్ చాలావరకు 9 వోల్టుల డీసీ, పిన్ను మధ్యలో నెగటివ్. మన ఇళ్లలో పడి ఉండే సెట్‌టాప్ బాక్స్, రౌటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. పిన్ను దూరింది కదా అని పెట్టేయకండి. అడాప్టర్ మీద చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది, అందులో మధ్య చుక్క మైనస్ గుర్తుకి కలిసి ఉండాలి. ప్లస్, మైనస్ తిరగేసి పెడితే కాపాడే డయోడ్ అనే భాగం లోపల ఉందా అని బిల్డర్‌ని వాట్సాప్‌లో అడగండి. ఉందన్నా ప్రయోగాలు చేయకండి.

తర్వాత పెడల్ ఆఫ్‌లో పెట్టి వాయించండి. గిటార్‌ని కేబుల్‌తో నేరుగా యాంప్‌కి కలిపి ఒకసారి, మధ్యలో ఆఫ్‌లో ఉన్న పెడల్ పెట్టి ఒకసారి. మెరుపు తగ్గినట్టు, గొంతు మూసుకుపోయినట్టు వినిపిస్తే బైపాస్ (పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు శబ్దం వెళ్లే దారి) గురించి బిల్డర్‌తో మాట్లాడాలి. జాక్‌లు వదులుగా ఉన్నాయేమో కేబుల్ కదిపి చూడండి.

చప్పుడు దగ్గర మాత్రం తొందర పడకూడదు. తీగల మీద అరచెయ్యి ఆనించి, పెడల్ ఆన్ చేసి, స్పీడ్ నాబ్ నెమ్మదిగా తిప్పండి. స్పీడ్‌తో పాటు టిక్, టిక్ అని వినిపిస్తే లోపల ఊపుని నడిపే ఆసిలేటర్ సర్క్యూట్ చప్పుడు ఆడియోలోకి పాకుతోందన్నమాట. సన్నని ఈల వినిపిస్తే శబ్దాన్ని కాసేపు ఆపి వదిలే డిలే చిప్‌ని నడిపే క్లాక్‌ని అనుమానించాలి. బుర్రుమనే హమ్ అయితే పెడల్‌ని తిట్టే ముందు 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూడండి (అన్నిటికీ బ్యాటరీ క్లిప్ ఉండదు). బ్యాటరీతో హమ్ పోయిందంటే తప్పు అడాప్టర్‌దో, ఇంటి కరెంటుదో. మే నెలలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఈ పరీక్ష అసలు పెట్టకండి. చవక ఇన్వర్టర్ల మీద మంచి పెడల్ కూడా గోల చేస్తుంది.

ఇక అసలు విషయం. ట్రెమొలోలో శబ్దం పెరిగి తగ్గుతుంది, వైబ్రాటోలో శ్రుతే కదులుతుంది. పెడల్ మన శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆపి వదులుతుంది, ఆ ఆపే సమయాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. గుంటూరు స్టేషన్‌లో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు పైకి, దాటిపోయాక కిందికి వినిపిస్తుందే, అదే సూత్రం. ఇలా వచ్చిన శబ్దానికి అసలు శబ్దం కలిపితే కోరస్ అనే వేరే ఎఫెక్ట్ అవుతుంది, కలపకపోతే వైబ్రాటో.

అందువల్ల రెండు నాబ్‌లనీ విడివిడిగా చూడకూడదు. డెప్త్ ముట్టుకోకుండా స్పీడ్ రెట్టింపు చేస్తే శ్రుతి జరగడం కూడా రెట్టింపవుతుంది. ఆపే సమయం ఒక మిల్లీసెకను అటూ ఇటూ కదులుతోందనుకోండి. సెకనుకి 2 సార్లయితే శ్రుతి ఫ్రెట్‌లో (పక్క ఫ్రెట్‌కి మారితే వచ్చే తేడాలో) ఐదో వంతు జరుగుతుంది, 5 సార్లయితే సగం ఫ్రెట్ దాటుతుంది. స్పీడ్ పెంచిన ప్రతిసారీ డెప్త్ తగ్గించాలి. డెప్త్ మొత్తం తిప్పి "అబ్బ, ఎంత బాగా ఊగుతోందో" అనుకోవడం ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడే బాగుంటుంది.

మూడో తీగ 12వ ఫ్రెట్ నొక్కి స్వరం సాగనివ్వండి. రెండు నాబ్‌లూ గడియారం ముల్లు లెక్కన 9 గంటల దగ్గర మొదలుపెట్టి ఒక్కోటీ కొంచెం కొంచెం పెంచండి. తర్వాత కీబోర్డులో అదే స్వరం పట్టుకోమని ఎవరినైనా అడగండి. రిహార్సల్లో మా కీబోర్డు అన్నయ్య "ఏంటి బ్రదర్, శ్రుతి చూసుకున్నావా?" అని తలెత్తే చోటే డెప్త్‌కి హద్దు. కొన్ని తీగలు కలిపి మోగించే కార్డులకి (chords) ఆ హద్దు ఇంకా తొందరగా వస్తుంది. చరణం చివర సాగే ఒక్క స్వరానికి కాస్త ఎక్కువున్నా పరవాలేదు. బాస్ (Boss) కంపెనీ 1982లో తెచ్చిన వీబీ-2 వైబ్రాటో పెడల్‌లో కాలు నొక్కినంతసేపే మోగే ఏర్పాటు, ఊపు మెల్లగా మొదలయ్యేలా చేసే రైజ్ నాబ్ ఉండేవి. మీ బిల్డర్ అలాంటి స్విచ్ ఇస్తానంటే డబ్బు ఎక్కువైనా పెట్టించుకోండి. నా లెక్కలో మూడో నాబ్ కంటే అదే మేలు.

వరుసలో ట్యూనర్ ముందుండాలి, వైబ్రాటో తర్వాత పెడితే ట్యూనర్ ముల్లు నిలవదు. నేను ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా చేసే పెడల్) తర్వాత వైబ్రాటో, దాని తర్వాత డిలే (ప్రతిధ్వని ఇచ్చే పెడల్) పెడతాను. ఓవర్‌డ్రైవ్‌కి ముందు పెట్టి కూడా వినండి, కొందరికి అదే నచ్చుతుంది.

గట్టిగా మీటినప్పుడు మాత్రమే శబ్దం చిట్లుతుంటే లోపలి బయాస్ ట్రిమ్ పాట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్క్యూట్‌ని సర్దే చిన్న నాబ్) సరిచేయాల్సి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే దిగకండి, శబ్దమే మాయం కావచ్చు. ఆఫ్, ఆన్ రెండూ ఫోన్‌లో రికార్డ్ చేసి, నాబ్‌లు ఎన్ని గంటల దగ్గరున్నాయో, ఏ అడాప్టర్ వాడారో రాసి బిల్డర్‌కి పంపండి. "సరిగ్గా లేదు" అని ఒక్క ముక్క పంపితే పాపం అతను ఎక్కడని వెతుకుతాడు?