సినిమాలో నటన చూడటం - 5వ పాఠం: అతుకుల సినిమాలో నటులు

పోయిన పాఠంలో క్లోజప్‌లు చూశాం. ఈసారి పని కాస్త కష్టం. సినిమా గతుకుల్లో పడ్డప్పుడు నటులు దాన్ని ఎక్కడెక్కడ లేపారో పట్టుకోవాలి. "కథ తేలిపోయింది, నటన అదిరింది" అనేస్తే సరిపోదు. ఏ సీన్‌లో, ఏం చేసి నిలబెట్టారో చెప్పగలగాలి.

అందుకు 1990 నాటి 'ది ఎగ్జార్సిస్ట్ 3' తీసుకుందాం. రచయిత విలియం పీటర్ బ్లాటీ తన నవలనే సినిమాగా తీశారు. స్టూడియో పట్టుబట్టడంతో క్లైమాక్స్‌లోని భూతవైద్యం సీన్‌ని సినిమా తీశాక మళ్లీ విడిగా తీసి కలిపారు. దానికోసం వచ్చిన ఫాదర్ మార్నింగ్‌కు మిగతా కథతో దాదాపు సంబంధమే ఉండదు.

ముందుగా చేప ముచ్చట. "మా అత్తగారు తెచ్చిన చేప బతికుండగానే మా ఇంట్లో స్నానాల తొట్టిలో ఈదుతోంది, దానివల్ల స్నానం కూడా లేదు" అని డిటెక్టివ్ కిండర్‌మన్ తన స్నేహితుడు ఫాదర్ డయ్యర్‌కి చెబుతాడు. జార్జ్ సి. స్కాట్ పెదవి మీద నవ్వన్నదే రానివ్వడు, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టే చెబుతాడు. సీన్‌ని రెండోసారి చూసేటప్పుడు స్కాట్‌ని వదిలేసి, వింటున్న ఎడ్ ఫ్లాండర్స్ ముఖమే చూడండి. వాళ్లది ఎన్నేళ్ల స్నేహమో ఆ వినడంలోనే తెలుస్తుంది. తర్వాత డయ్యర్ హత్యకు గురవుతాడు. ఆ హత్యను తెర మీద చూపించరు, అయినా మన గుండె కలుక్కుమంటుంది. నా లెక్కలో ఆ ఘనత చేపదే!

రెండోది ఆసుపత్రి గది. అక్కడ బంధించి ఉంచిన రోగిగా చేసిన బ్రాడ్ డూరిఫ్ చేతులు కట్టేసి ఉంటాయి, ఇక మిగిలింది ముఖం, గొంతు. ఈ సీన్‌ని ఒకసారి కళ్లు మూసుకుని వినండి. గుసగుసలోంచి అరుపులోకి ఎక్కడ దూకుతాడో, ఏ మాటను సాగదీస్తాడో రాసుకోండి. తర్వాత సౌండ్ తీసేసి చూడండి. అదే రోగిగా, మొదటి భాగంలో ఫాదర్ కారస్‌గా చేసిన జేసన్ మిల్లర్ కూడా మధ్యమధ్య కనిపిస్తాడు. స్టూడియో కోరిక మీద అతన్నీ తర్వాతే చేర్చారు. అంటే ఇదీ అతుకే, కానీ నిలిచింది. మిల్లర్ అలసిన చూపు పక్కన డూరిఫ్ మాటల వరద పడేసరికి ఒకే ఒంట్లో ఇద్దరున్నారని నమ్మేస్తాం. ఫాదర్ మార్నింగ్‌గా చేసిన నికోల్ విలియమ్సన్ కూడా మంచి నటుడే. పాపం, ఆయనకు ఎదురుగా మాట కలిపే మనిషినే ఇవ్వలేదు.

అభ్యాసం: మీకు సగమే నచ్చిన హారర్ సీక్వెల్ ఒకటి ఎంచుకుని, అందులో ఒక సీన్‌ని ఇలాగే మూడుసార్లు చూడండి: ఒకసారి వింటున్నవాళ్లని, ఒకసారి ధ్వని మాత్రమే, ఒకసారి బొమ్మ మాత్రమే.

వచ్చే పాఠంలో ఇదే సినిమాలోని ఆసుపత్రి నడవా సీన్. అక్కడ కెమెరా దూరంగా, కదలకుండా ఉంటుంది. నటుల ముఖాలు సరిగా కనిపించకుండానే భయం ఎలా పుట్టిందో చూద్దాం.