ఐసీయూ తలుపు బయట కూర్చున్నవారు రాయవలసిన నోట్‌బుక్

ముందు ఒక నోట్‌బుక్ కొనండి. లోపల మత్తులో ఉన్న మీవారు కోలుకున్నాక చదువుకునేలా రోజూ జరిగింది అందులో రాయాలి. 200 పేజీలది, గట్టి అట్టది. పెన్నును దారంతో దానికే కట్టేయండి. ఐసీయూ బయటి కుర్చీల్లో పెన్ను చేతిలో నిలవదు, ఏదో ఒక ఫారం మీద సంతకం కోసం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

నేను మల్కాజిగిరిలో ఉంటాను, తపాలా శాఖలో పని చేస్తాను. రెండేళ్ల క్రితం ఆషాఢంలో మా నాన్నకు న్యుమోనియా వచ్చి సెప్సిస్‌లోకి, అంటే ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలు దెబ్బతినే స్థితిలోకి దిగింది. సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో 23 రోజులు ఉన్నారు, అందులో 11 రోజులు వెంటిలేటర్ మీద. నాన్న ఆర్టీసీలో 32 ఏళ్లు కండక్టరుగా చేశారు, ఎక్కువగా శ్రీశైలం సర్వీసుల్లో. గొంతులోని ట్యూబు తీసిన మర్నాడు నన్ను చూసి, "దిగండమ్మా, బండి డిపోకు వెళ్తుంది" అన్నారు. కన్నకూతురిని గుర్తుపట్టలేదు. చేతులు మంచం కడ్డీలకు కట్టి ఉన్నాయి, ఆ కట్టుల్లోనే వేళ్లు కదిలిస్తూ చిల్లర లెక్కపెడుతున్నారు. అది ఏమిటో, ఎందుకు వచ్చిందో మాకు ఎవరూ చెప్పలేదు. నాన్న మనసు ఇక తిరిగి రాదనుకుని ఆ రాత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మీరు అలా ఏడవకూడదనే ఇది రాస్తున్నాను. దాన్ని డెలీరియం అంటారు. జ్వరం ముదిరి సంధి ప్రేలాపన పట్టిందని మన పెద్దలు చెప్పేది దాదాపు ఇదే. ఐసీయూలో ఇది అరుదేమీ కాదు. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 821 మంది రోగులను గమనిస్తే 74 శాతం మందికి ఆసుపత్రిలో ఉండగానే వచ్చింది. ఎక్కువ రోజులు డెలీరియంలో ఉన్నవారిలో ఏడాది తర్వాత కూడా జ్ఞాపకశక్తి, ఆలోచన వెనకబడి కనిపించాయి. మందుతో తగ్గించవచ్చా అంటే, 2018లో అదే పత్రికలో 566 మందిపై జరిపిన పరీక్ష వచ్చింది. హాలోపెరిడాల్, జిప్రాసిడోన్ అనే మందులు ఇచ్చినవారికీ, ఉత్తుత్తి మందు ఇచ్చినవారికీ డెలీరియం ఉన్న రోజుల్లో తేడా రాలేదు. అందుకే ఇప్పుడు ఐసీయూ వైద్యులు మత్తు తగ్గించడం, రాత్రి నిద్ర పోనివ్వడం, పగలు వెలుతురు ఉంచడం, కదిలించడం, ఇంటివారిని దగ్గరికి రానివ్వడం అన్నీ కలిపి చూస్తున్నారు. ఈ పద్ధతికి ఇంగ్లిష్ అక్షరాల్లో మొదటి ఆరింటినే పేరుగా పెట్టారు. ఆరోదైన 'ఎఫ్' కుటుంబానిది. ఈ కాగితాలన్నీ ఫార్మసీ చదువుతున్న మా చెల్లెలి కూతురు వెతికి ఇచ్చింది. అవి నాన్న ఇంటికి వచ్చాక అందాయి. ముందే అంది ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మీరు చేయవలసినది. మొదటి రోజే రోగి కళ్లజోడు, వినికిడి యంత్రం, దాని బ్యాటరీలు ఒక డబ్బాలో పెట్టి, పేరూ మంచం నంబరూ రాసి సిస్టర్ చేతికి ఇవ్వండి. చేర్చుకునేటప్పుడు వాటిని మన చేతికి ఇచ్చేస్తారు, మనం ఇంటికి తెచ్చి బీరువాలో పెడతాం. కళ్లజోడు లేకపోతే నాన్నకు ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖమే కనిపించదు. అలాంటి మనిషి మత్తు నుంచి తేలుతున్నప్పుడు తెల్లకోటు నీడల్ని చూసి భయపడడా? మంచం నుంచి కనిపించేలా గోడ గడియారం, పెద్ద అక్షరాల తెలుగు క్యాలెండర్ పెట్టవచ్చా అని అడగండి. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు.

గొంతులో ట్యూబు స్వరతంతువుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి మెలకువ ఉన్నా మాట రాదు. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి: నొప్పి, దాహం, ఊపిరి ఆడటం లేదు, పక్క తిప్పండి, భయంగా ఉంది, మా వాళ్లు ఎక్కడ. వేలితో చూపిస్తారు. వేలు ఎత్తలేకపోతే మీరే ఒక్కో మాట చదివి, అవునంటే కళ్లు మూయమని చెప్పండి. హైదరాబాద్ ఐసీయూల్లో మలయాళీ సిస్టర్లు చాలామంది. అట్ట మీద ప్రతి తెలుగు మాట కింద ఇంగ్లిష్‌లోనూ రాస్తే వారికి ఎంతో మేలు. మా నాన్న నీళ్లు కావాలంటే "గొంతు ఎండింది" అనేవారు, అది గొంతు నొప్పి అనుకున్నారు పాపం. ఇంట్లో వాడే ఇలాంటి మాటలు నాలుగు రాసి ఇవ్వండి.

లోపలికి వెళ్లే ముందు చేతులకు శానిటైజర్ పూర్తిగా ఆరేదాకా రుద్దుకోండి. దగ్గు, జలుబు ఉన్నవారు ఆ రోజు వెళ్లవద్దు. మంచం దగ్గర మొదటి మాట మీ పేరు, బంధుత్వం, రోజు, ఊరు: "నాన్నా, నేను మీ పెద్దమ్మాయిని. ఇవాళ గురువారం, సాయంత్రం ఐదైంది. సికింద్రాబాద్‌లో ఆసుపత్రిలో ఉన్నారు. ఊపిరికి మిషన్ సాయం చేస్తోంది." రోజూ ఇదే చెప్పండి. తాము బస్సులో ఉన్నామని వారంటే, బస్సేనని ఒప్పుకోవద్దు, కాదని వాదించనూ వద్దు. "మీకు బస్సులా అనిపిస్తోంది, భయపడకండి, నేను పక్కనే ఉన్నాను" అంటే చాలు. మనిషి తీరు ఒక్కరోజులో మారితే, బాగా మందకొడిగా పడి ఉన్నా సరే, సిస్టర్‌కు చెప్పండి. అరిచేవారినే డెలీరియం అనుకుంటారు కానీ, గోడకేసి చూస్తూ మౌనంగా ఉండే రకం ఎక్కువగా కంటపడకుండా పోతుంది. చేతులు కట్టి ఉంటే, మీరు చేయి పట్టుకుని కూర్చున్నంతసేపు కట్టు విప్పవచ్చా అని అడగండి. మీ అంతట మీరు విప్పకండి. ట్యూబు లాగేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కువసేపు ఉండనివ్వమని అడగడం తప్పు కాదు. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో ఇంటివారిని రోజుకు 12 గంటల దాకా ఉండనిచ్చి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. రోగుల్లో డెలీరియం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అయితే ఐసీయూలో సోకే ఇన్ఫెక్షన్లు పెరగలేదు, ఇంటివారిలో ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. మర్యాదగా అడగండి, 15 నిమిషాలు పెంచినా మంచిదే. కాని త్వరగా లేపి నడిపించండని మాత్రం పట్టుబట్టకండి. ముందుగా కదిలించడం మంచిదని 2009లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. 2022లో 750 మందిపై జరిగిన పెద్ద పరీక్షలో మాత్రం మామూలుకన్నా ఎక్కువగా కదిలించడం వల్ల లాభం కనిపించలేదు, ఇబ్బందులు పెరిగాయి. అది ఫిజియోథెరపిస్టు నిర్ణయించవలసిన విషయం.

ఇక నోట్‌బుక్. మొదట డాక్టరు చెప్పినవి మరచిపోకుండా రాసుకున్నాను. నాలుగో రాత్రి ఎందుకో "నాన్నా, మీరు" అని మొదలుపెట్టి ఉత్తరంలా రాశాను. ఉత్తరాల మధ్య పనిచేసే దాన్ని, అలా వచ్చింది. స్కాండినేవియా దేశాల్లో నర్సులు ఎప్పటినుంచో ఐసీయూ రోగులకు ఇలా డైరీలు రాస్తున్నారని ఆ తర్వాత తెలిసింది. మన దగ్గర సిస్టర్లకు అంత తీరిక ఉండదు, మనమే రాయాలి.

మొదటి పేజీలో ఆసుపత్రికి ఎలా వచ్చారో రాయండి. వారికి చివరగా గుర్తుండేది ఇంటి గుమ్మమో, ఆటోనో అయి ఉంటుంది. అక్కడి నుంచి అందుకోండి. తర్వాత రోజూ తేదీ, వారం వేసి అరపేజీ చాలు. క్రియాటినిన్ ఎంత, ఆక్సిజన్ ఎంత అనే అంకెలు ఇక్కడ వద్దు, వాటికి వేరే కాగితం పెట్టుకోండి. కళ్లకు, చెవులకు, ఒంటికి తెలిసేవి రాయండి. ఏ చప్పుడు వినిపిస్తోంది, మంచాన్ని ఎక్కడికి తీసుకెళ్లారు, ఎవరు ఏ చేతికి సూది గుచ్చారు, నోట్లో ఏమి పెట్టారు. బయటి లోకం కూడా రాయండి. నా నోట్‌బుక్‌లో ఒక ఆదివారం ఇలా ఉంది: "నాన్నా, ఇవాళ లష్కర్ బోనాలు. ప్యారడైజ్ దగ్గర ఆటో ఆగిపోతే నడిచి వచ్చాను. మీరు జాతర స్పెషల్ బస్సుల్లో డ్యూటీ చేసి అర్ధరాత్రి పసుపు అంటిన చొక్కాతో ఇంటికి వచ్చేవారు, గుర్తుందా?" ఆసుపత్రి బిల్లు, బంధువుల తగాదాలు, "ఇక ఆశ లేదన్నారు" లాంటి మాటలు రాయకండి. చదవబోయేది వారే. ఫొటో తీయాలనిపిస్తే ఆసుపత్రి అనుమతి తీసుకోండి. అతికించకుండా కవరులో వేసి ఉంచండి, వారు అడిగినప్పుడే చూపండి.

ఇంటికి వచ్చాక రెండు నెలలు నాన్న రాత్రిళ్లు లేచి కూర్చునేవారు. శ్రీశైలం ఘాట్‌లో బండికి బ్రేకు పడటం లేదు, వెనక జనం ఒక్కరూ మాట్లాడటం లేదు, ఇదే కల. అది కల కాదని, నిజంగా జరిగిందని నమ్మారు. ఒక మధ్యాహ్నం తానే నోట్‌బుక్ అడిగారు. జులై నెల పేజీ దగ్గర ఆగిపోయారు: "ఇవాళ మిమ్మల్ని స్కాన్‌కు మంచంతో సహా లిఫ్టులో కిందికి తీసుకెళ్లారు. చక్రాలు చాలా చప్పుడు చేశాయి. పక్కన నలుగురు నడిచారు, ఎవరూ మాట్లాడలేదు." దాన్ని రెండుసార్లు చదివారు. "అదా?" అన్నారు. ఆ కల ఆ వారంలోనే మాయమైందని చెప్పను, పలచబడింది.

ఈ నోట్‌బుక్ అందరికీ పని చేస్తుందని కూడా చెప్పను. 2010లో ఆరు యూరప్ దేశాల్లో 352 మందిపై జరిపిన పరీక్షలో డైరీ అందుకున్నవారిలో 5 శాతం మందికే ఐసీయూ భయాల వల్ల కొత్తగా మానసిక గాయం మిగిలింది, అందుకోనివారిలో అది 13 శాతం. 2019లో ఫ్రాన్స్‌లో 35 ఐసీయూల్లో చూస్తే తేడా తేలలేదు. నేను మొదటిదాన్ని నమ్మి రెండోదాన్ని దాచను. మీరు రాయండి, బలవంతంగా చదివించకండి. కొందరు నెల తర్వాత అడుగుతారు, కొందరు ఏడాదికి, కొందరు ఎప్పటికీ అడగరు. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, సీసా మూత తిప్పలేనంత నీరసం, లెక్కల్లో తడబాటు నెలలు గడిచినా ఉంటే డాక్టరుకు చెప్పండి. 2012 నుంచి వీటన్నిటినీ కలిపి ఐసీయూ అనంతర లక్షణాలుగా వైద్యులు గుర్తిస్తున్నారు. వయసు వల్లనే అని సరిపెట్టుకోకండి. మీకు నిద్ర లేకపోయినా సరే, అదీ చెప్పుకోండి. అది ఇంటివారికీ వస్తుంది.

రాసేటప్పుడు చివర పది పేజీలు ఖాళీగా వదలండి. మా నోట్‌బుక్‌లో ఆ పేజీల్లో నాన్న రాతే ఉంది, టికెట్ల మీద రాసినట్టు చిన్న అక్షరాలతో. మొదటి వాక్యం ఇది: "ఆ రోజు మా అమ్మాయిని దిగమన్నాను. ఆమె దిగలేదు."