చెరువు పక్షుల కోసం కమ్యూనిటీ రిజర్వు: పంచాయతీ దరఖాస్తు ఎలా చేసుకోవాలి

గుంటూరు పక్కన, పెదకాకాని మండలంలోని ఉప్పలపాడుకు చలికాలంలో ఒకసారి వెళ్లి రండి. చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పక్కపక్కనే గూళ్లు కట్టుకుని ఉంటాయి. ఎర్రకాళ్ల కొంగకు అరిచే గొంతు దాదాపు లేనట్టే. జత పక్షి గూటికి రాగానే ముక్కు టకటకలాడించి పలకరిస్తుంది. గట్టు మీద నిలబడితే చెరువంతా ఆ చప్పుడే. ఊరివాళ్లు వాటి జోలికి పోకపోబట్టే అవి ఊరి నడుమ అంత ధైర్యంగా బతుకుతున్నాయి.

మీ ఊరి చెరువులోనూ ఇలా పక్షులు దిగుతున్నాయా? వాటికి చట్టం అండ కూడా కావాలంటే ఒక దారి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972కు 2002లో చేసిన సవరణతో 36సి సెక్షన్ వచ్చింది. ఊరు గానీ, భూమి ఉన్న మనిషి గానీ తమంతట తాము ముందుకొస్తే ఆ భూమిని రాష్ట్ర ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. పంజాబ్‌లోని కేశోపుర్ చిత్తడి నేలకు 2007లో ఈ గుర్తింపు వచ్చింది.

ముందు భూమి ఎవరిదో తేల్చుకోండి. 36సి కింద ఊరి ఉమ్మడి భూమి, సొంత భూమి మాత్రమే వస్తాయి. అప్పటికే అభయారణ్యంలోనో జాతీయ పార్కులోనో ఉన్న నేల ఇందులోకి రాదు. గ్రామ సచివాలయంలో అడంగల్, ఎఫ్ఎంబి (సర్వే కొలతల పటం) నకళ్లు తీసుకుని, చెరువు పోరంబోకు అని ఉందో, పట్టా అని ఉందో చూడండి. ప్రభుత్వ భూమి అని తేలితే నిరాశ పడక్కర్లేదు. 36ఎ సెక్షన్ కింద ప్రభుత్వ భూమికి ఇచ్చే ఇలాంటి గుర్తింపు, అంటే కన్జర్వేషన్ రిజర్వు అడగవచ్చు. నేను దగ్గరుండి రాయించిన ఒక అర్జీలో సర్వే నంబరు వేశాం గానీ సబ్‌డివిజన్ వేయలేదు. మూడు నెలలు తిరిగాక కాగితాలు వెనక్కి వచ్చాయి. ఆ సీజన్ అలాగే పోయింది, ఆ బాధ నాకు ఇంకా ఉంది. గ్రామ సర్వేయరును చెరువు దగ్గరకు తీసుకెళ్లి, నాలుగు హద్దులూ నడిచి చూపించి మరీ రాయించుకోండి.

వేలం పాట సంగతి

అసలు చిక్కు ఇక్కడే. చాలా ఊళ్లలో చెరువును చేపలకు వేలం పాడతారు. పాటదారు డబ్బు పోసి చేప పిల్లను వదులుతాడు. గూడబాతు వచ్చి సంచిలాంటి ముక్కుతో చేపల్ని తోడుకుపోతుంటే అతను టపాకాయలు కాల్చి తరుముతాడు. అతన్ని దోషిని చేస్తే పని జరగదు, అతనిదీ బతుకే. పంచాయతీకి కూడా ఆ పాట సొమ్ము కావాలి. ఇంకోపక్క గూళ్లున్న సర్కారు తుమ్మను కట్టెలకు, బొగ్గుకు పాట పెడతారు. ఒక్క రోజు గొడ్డలి పడితే మరుసటి ఏడు పక్షి దిగడానికి కొమ్మ ఉండదు.

అందుకని అర్జీ కంటే ముందు ఈ లెక్క తేల్చాలి. నడుస్తున్న పాట గడువు ఎప్పటికి తీరుతుంది, ఆ తర్వాత మళ్లీ పాట పెడతారా, చెరువులో ఏదో ఒక మూల మాత్రమే పక్షులకు వదులుతారా, తగ్గే రాబడిని ఎలా పూడుస్తారు? ఇవి మాట్లాడుకోకుండా తీర్మానం చేస్తే అది రెండో ఏడే చిరిగిపోతుంది.

తీర్మానం

టముకు వేయించి గ్రామసభ పెట్టండి. పాటదారు, గేదెలు తోలేవాళ్లు, చెరువు కింద ఆయకట్టు రైతులు తప్పకుండా ఉండాలి. ఒక మాట అందరికీ విడమరిచి చెప్పండి: రిజర్వు ప్రకటించాక ఆ భూమి వాడకం మార్చాలంటే రిజర్వును నడిపే యాజమాన్య కమిటీ తీర్మానం, దాని మీద ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలి. అంటే రేపు చెరువు పూడ్చి ప్లాట్లు వేయడం కుదరదు. ఇది దాచి సంతకాలు తీసుకోవడం ఊరిని మోసం చేసినట్టే. అలాగే, “ఫారెస్టు వాళ్లు చెరువు లాక్కుంటారు” అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. ఈ ప్రకటనతో భూమి హక్కు చేతులు మారదని కూడా చెప్పండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కాక, పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరించిన నకలు తీసుకోండి.

అర్జీలో ఏముండాలి

చట్టంలో దీనికంటూ అచ్చు ఫారం లేదు. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పేరిట రాసి, జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో ఇవ్వండి. ఒక కాపీ అటవీ రేంజి అధికారికి, ఒకటి కలెక్టర్‌కు పంపండి. తీర్మానం, భూమి కాగితాలు, హద్దుల స్కెచ్ జతచేయండి. సొంత భూమి అయితే యజమాని రాసిచ్చిన సమ్మతి ఉండాలి. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ తయారు చేసిన ప్రజా రిజిస్టర్ (ఊళ్లోని చెట్లు, జీవాల వివరాలు రాసిన పుస్తకం) ఉంటే అందులోని సంబంధిత పేజీలు కూడా.

వీటన్నిటికంటే బలమైనది ఊరి సొంత రాత. ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని, బడి పిల్లల చేత రాయించండి. మొదటి పక్షి దిగిన తేదీ, గూళ్లు ఎన్ని, ఏ చెట్టు మీద, పక్షి పిల్లలు ఎప్పుడు ఎగిరాయి, నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయి. తేదీ వేసిన ఫొటోలు నాలుగు అంటించండి. పరిశీలనకు వచ్చే అధికారి వేసవిలో వస్తే చెరువులో ఒక్క పక్షి కూడా ఉండకపోవచ్చు. అప్పుడు మాట్లాడేది ఆ పుస్తకమే.

అర్జీ ఇచ్చిన రోజే రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రసీదు చూపించి అడగండి. సమాచార హక్కు చట్టం కింద ఫైలు ఎక్కడుందో అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ప్రకటన వచ్చాక

ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చాక యాజమాన్య కమిటీ వేస్తారు. పంచాయతీ నామినేట్ చేసిన వాళ్లు కనీసం ఐదుగురు, అటవీశాఖ తరఫున ఒకరు ఉంటారు. సొంత భూమి అయితే 2022 సవరణ ప్రకారం కమిటీలో యజమాని, అటవీశాఖ ప్రతినిధి, పంచాయతీ ప్రతినిధి ఉంటారు. నిర్వహణ ప్రణాళిక రాసేది, అమలు చేసేది ఈ కమిటీయే. కమిటీ ఎన్నుకున్న అధ్యక్షుడే ఆ రిజర్వుకు గౌరవ వన్యప్రాణి వార్డెన్. కాబట్టి ఆ ఐదుగురిలో చెరువు గట్టున రోజూ తిరిగే మనిషిని కనీసం ఒకరినైనా పెట్టండి.

ఈలోగా గూళ్ల జోలికి ఎవరైనా వస్తే నోటిఫికేషన్ రాలేదు కదా అని ఊరుకోవద్దు. అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా చట్టం దృష్టిలో వేట కిందికే వస్తుంది. ఫొటో తీసి, తేదీ వేసి, అదే రోజు రేంజి అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ నకలు కూడా నోటు పుస్తకంలో అంటించండి.