సముద్ర చేపల హేచరీకి సబ్సిడీ దరఖాస్తు: ఫైలు ఆగేది కోపెపోడ్ పేజీ దగ్గరే

మొన్న మత్స్యశాఖ ఆఫీసు మెట్ల మీద ఒకాయన ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పండుగప్ప, గ్రూపర్ పిల్లలు తీసే చిన్న హేచరీకి పీఎంఎంఎస్‌వై అనే కేంద్ర మత్స్య సంపద పథకం కింద అప్లై చేశాడు, డీపీఆర్ (ప్రాజెక్టు రిపోర్టు) రాసిచ్చిన మనిషికి ముప్పై వేలు కట్టాడంట, ఫైలేమో రెండోసారి వెనక్కొచ్చింది. తెరిచి చూస్తే ఎవరిదో వనామీ రొయ్యల హేచరీ డీపీఆర్, రొయ్య అన్నచోటల్లా చేప అని మార్చేశారు, ఒకచోట మర్చిపోయి "పీఎల్ అమ్మకం" అని, అంటే రొయ్యపిల్లల అమ్మకమని, అలాగే వదిలేశారు.

మామూలు కాగితాల గురించి ఎక్కువ చెప్పను. ఎన్‌ఎఫ్‌డీపీ అనే కేంద్ర మత్స్యశాఖ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఫ్రీ, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి. ఆధార్, పాన్, పాస్‌బుక్, కుల ధ్రువీకరణ వర్తించేవాళ్లకి అది. ఈ ఏడు మీ జిల్లాకి యూనిట్లు ఉన్నాయా లేదా ముందు ఆఫీసులోనే కనుక్కోండి. సబ్సిడీ జనరల్ వాళ్లకి 40, ఎస్సీలకి, ఎస్టీలకి, మహిళలకి 60 శాతం, అదీ స్కీములో రాసిన యూనిట్ కాస్ట్ మీదే, పని జరిగాక వస్తుంది, కాబట్టి ముందే డబ్బు ఇప్పిస్తానన్నవాడికి ఒక దండం పెట్టి వచ్చేయండి. సముద్రం ఒడ్డున హేచరీ కాబట్టి చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

భూమి లీజుదైతే రిజిస్టర్డ్ లీజే ఉండాలి, నోటరీ కాగితం చెల్లదు. ఒడ్డు పక్కన చాలా చోట్ల డీ-పట్టా (ప్రభుత్వం పేదలకి అసైన్ చేసిన) భూములు, బదలాయింపుల్ని నిషేధించే 1977 చట్టం ప్రకారం వాటిని లీజుకివ్వడం కూడా బదలాయింపే, సర్వే నంబరు 22ఏ (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల) లిస్టులో ఉందేమో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ఇక అసలు సంగతి, డీపీఆర్‌లో లైవ్ ఫీడ్ పేజీ, అంటే చేపపిల్లలకి బతికున్న మేత ఎలా పెంచుతారో చెప్పేది. ఆయన ఫైల్లో అక్కడ ఉన్నది ఒకే లైను, "ఆర్టీమియా డబ్బాలు". ఆర్టీమియా అంటే రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి, అప్పుడే పుట్టిన దాని పిల్లలు (నాప్లీ) 400 మైక్రాన్ల పైమాటే, అప్పుడే నోరు తెరిచిన గ్రూపర్ పిల్లకి అది నోట్లోకే పోదు. పండుగప్పకైతే ఇంకా సన్నటి జీవి రోటిఫర్‌తో నెట్టుకురావచ్చు, గ్రూపర్‌కి కోపెపోడ్ (రొయ్యల బంధువైన అతిచిన్న జీవి) నాప్లీ చూపించకపోతే ఫైలు చూసేవాళ్లకి నమ్మకం కుదరదు, కుదరకపోవడంలో తప్పూ లేదు.

కోపెపోడ్ అని పేరు రాస్తే సరిపోదు, లెక్క కావాలి. ఐదు టన్నుల లార్వా ట్యాంకులో మిల్లీలీటరుకి రెండు నాప్లీ ఉంచాలన్నా ఒక్కసారికి కోటి నాప్లీ. పార్వోకలానస్ లాంటి కలనాయిడ్ కోపెపోడ్లు రోటిఫర్లలా కిక్కిరిసి పెరగవు, మిల్లీలీటరుకి ఒక పెద్దది అనుకోండి. అరటన్ను ట్యాంకులో ఐదు లక్షలు, అందులో ఆడవి సగం, రోజుకి పదేసి పిల్లలు వేసుకున్నా పాతిక లక్షలు దాటవు. అంటే ఒక్క లార్వా ట్యాంకుకే అలాంటివి నాలుగు, కల్చర్ పడిపోతే అక్కరకొచ్చే స్పేర్లు వేరే, వాటికి మేతగా ఐసోక్రైసిస్ అనే సూక్ష్మ నాచు పెంచే ట్యాంకులు ఇంకా వేరే. ఇవన్నీ లేఅవుట్ డ్రాయింగులో కనపడాలి, ఖర్చు పట్టికలోనూ కనపడాలి, రెండిటికీ పొంతన ఉండాలి.

ఇంకో రెండు లైన్లు తప్పకుండా రాయండి. రోటిఫర్ రూము కోపెపోడ్ రూము వేరువేరని, బకెట్లూ వలలూ కూడా వేరని. ఒక్క తడి బకెట్ అటు నుంచి ఇటు వచ్చినా చాలు, వారం తిరిగేసరికి ట్యాంకు నిండా రోటిఫరే ఉంటుంది, నాకు రెండుసార్లు అయింది కాబట్టి చెప్తున్నా. రెండోది, తల్లి కల్చర్ ఎక్కడ్నుంచి తెస్తారో. సముద్ర చేపల మీద పరిశోధన చేసే విశాఖ సీఎంఎఫ్‌ఆర్‌ఐలో గ్రూపర్, పాంపనో సీడ్ తీసినవాళ్లున్నారు, కల్చర్ గురించీ ట్రైనింగ్ గురించీ ఉత్తరం రాసి అడగండి, వచ్చిన జవాబు కాపీ ఫైలుకి జతచేయండి.

వెనక్కొచ్చిందంటే రిజెక్ట్ అయినట్టు కాదు, కంగారు పడొద్దు. ఏ పేజీ మీద అభ్యంతరమో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, ఆ పేజీ మార్చి మళ్లీ ఇచ్చి, తేదీ స్టాంపు వేసిన రసీదు చేతిలో పడ్డాకే ఆఫీసు దాటండి. మెట్ల మీద ఆయనకీ ఇదే చెప్పా, లైవ్ ఫీడ్ పేజీ ఇప్పుడు సొంతంగా రాసుకుంటున్నాడు.