ఎస్‌ఈలైనక్స్ నేర్చుకుందాం – 4వ పాఠం: పాత లేబుల్‌తో వచ్చిన ఫైలు

ఫైళ్లకూ ప్రోగ్రాములకూ లేబుళ్లు తగిలించి, ఏది దేన్ని ముట్టవచ్చో వాటిని బట్టి తేల్చే లైనక్స్ భద్రతా వ్యవస్థ ఎస్‌ఈలైనక్స్. నియమం తప్పితే అడ్డుకునే ఎన్‌ఫోర్సింగ్, అడ్డుకోకుండా లాగ్‌లో రాసి ఊరుకునే పర్మిసివ్ మోడ్‌ల తేడా గత పాఠంలో చూశాం. ఈసారి ఒక తప్పు కావాలనే చేద్దాం. అపాచీ వెబ్ సర్వర్ నడుస్తున్న ఫెడోరా లైనక్స్ మెషీన్ ఒకటి ఉంటే చాలు. ఎన్‌ఫోర్సింగ్‌లో ఉందో లేదో గెట్‌ఎన్‌ఫోర్స్‌తో చూసుకోండి.

మీ హోమ్ డైరెక్టరీలో చిన్న వెబ్ పేజీ రాసి, ఎంవీ కమాండ్‌తో అపాచీ పేజీలుండే డైరెక్టరీలోకి తరలించండి. సీహెచ్‌మాడ్‌తో 644 ఇవ్వండి. ఇప్పుడు బ్రౌజర్‌లో ఆ పేజీని తెరిస్తే 403, అంటే అనుమతి లేదన్న ఎర్రర్ కనబడుతుంది. చదివే అనుమతి అందరికీ ఇచ్చాం కదా, మరి అడ్డుపడింది ఎవరు?

ఎల్‌ఎస్ కమాండ్‌కు మైనస్ పెద్ద జడ్ చేర్చి చూడండి. ఫైలు లేబుల్ కోలన్‌లతో విడిపోయిన నాలుగు భాగాలుగా కనిపిస్తుంది: యూజర్, రోల్, టైప్, లెవెల్. మన దృష్టంతా మూడోదాని మీదే. అక్కడ యూజర్_హోమ్_టీ అని ఉంది. పక్కనున్న పేజీలకు మాత్రం హెచ్‌టీటీపీడీ_సిస్_కంటెంట్_టీ అని ఉంటుంది. ఎంవీ ఫైలుతో పాటు దాని పాత లేబుల్‌నూ మోసుకొచ్చింది. అదే సీపీ వాడి ఉంటే కొత్త ఫైలు పుట్టేది, చేరిన డైరెక్టరీ టైప్‌నే తీసుకునేది.

మామూలు అనుమతులను కెర్నల్ ముందు చూస్తుంది. అవి సరేనంటేనే ఎస్‌ఈలైనక్స్ వంతు వస్తుంది. అందుకే ఆడిట్ లాగ్‌లో ఎస్‌ఈలైనక్స్ అడ్డుకున్నప్పుడు పడే ఏవీసీ డినైడ్ అనే వరుస లేకపోతే ముందు సీహెచ్‌మాడ్‌నే అనుమానించండి. ఇక్కడ మాత్రం ఆ వరుస ఉంది: అడిగిన ప్రోగ్రాము (అపాచీ) లేబుల్ హెచ్‌టీటీపీడీ_టీ, అది తెరవబోయిన ఫైలు లేబుల్ యూజర్_హోమ్_టీ.

సరిదిద్దడానికి, ఆ చోట ఉండాల్సిన లేబుల్‌ను తిరిగి పెట్టే రిస్టోర్‌కాన్ ఒక్కటి చాలు. మైనస్ వీ చేర్చితే ఏ లేబుల్ ఏదిగా మారిందో చెబుతుంది. పేజీ వెంటనే తెరుచుకుంటుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి చోట చాలామంది, లాగ్‌లో అడ్డుపడిన దాన్ని అనుమతించే నియమం రాసిచ్చే ఆడిట్2అలౌ నడిపి, అది రాసిచ్చిన నియమాన్ని చదవకుండానే ఎక్కించేస్తారు. ఆ నియమం మీ ఒక్క పేజీకి కాదు, యూజర్_హోమ్_టీ లేబుల్ ఉన్న ప్రతి ఫైలుకూ వర్తిస్తుంది. ఒక ఫైలు లేబుల్ తప్పయినందుకు హోమ్ డైరెక్టరీల్లోని ఫైళ్లకు వెబ్ సర్వర్ విషయంలో ఉన్న రక్షణ పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

సీహెచ్‌కాన్‌తో లేబుల్ నేరుగా మార్చవచ్చు గానీ, తర్వాత ఎవరైనా రిస్టోర్‌కాన్ నడిపితే అది చెరిగిపోవచ్చు. వెబ్ పేజీలను మీ సొంత డైరెక్టరీలో పెట్టుకున్నప్పుడు లేబుల్ నిలిచేలా చేసేది సీమేనేజ్. వచ్చే పాఠం దాని మీదే. ఈలోగా ఇదే ప్రయోగాన్ని సీపీతో చేసి, రెండు లేబుళ్లనూ పక్కపక్కన రాసి పెట్టుకోండి.