ఐస్‌లాండ్ సాగాల్లో పగ, క్షమ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

వైకింగ్ సీరియళ్లు చూసి సాగాల వైపు, అంటే ఐస్‌లాండ్ వాళ్లు పాత రోజుల్లో రాసుకున్న పెద్ద వచన కథల వైపు, వచ్చేవాళ్లలో చాలామందికి ముందే ఒక లెక్క ఉంటుంది: పాత దేవుళ్లని కొలిచినప్పుడు పగ తీర్చుకునేవాళ్లు, క్రైస్తవులయ్యాక క్షమించడం నేర్చుకున్నారు అని. ఆ లెక్కతో చదివితే ప్రతి మంచి సన్నివేశం దగ్గరా దెబ్బ తింటారు, ఎందుకంటే ఈ కథల్లో పగ, ప్రార్థన ఒకే మనిషిలో, ఒక్కోసారి ఒకే మాటలో కలిసి ఉంటాయి.

చదవబోయే ముందు కాలం కాస్త తెలిసి ఉండాలి. ఐస్‌లాండ్ క్రైస్తవాన్ని ఒప్పుకున్నది సుమారు 1000లో, ఆల్తింగ్ అనే ఏడాది సభలో. తీర్పు చెప్పిన థోర్గేర్ అప్పటికి పాత మతం వాడే. ఒక పగలూ ఒక రాత్రీ దుప్పటి కప్పుకుని పడుకుని, లేచి, చట్టాన్ని చీలిస్తే శాంతి కూడా చీలుతుంది, అందుకని అందరికీ ఒకే చట్టం, ఒకే మతం అన్నాడు. అంటే మతం మారడమే ఊళ్లు కొట్టుకు చావకుండా చేసుకున్న ఒక రాజీ. కానీ సాగాలు రాసింది ఎక్కువగా 13వ శతాబ్దంలో, క్రైస్తవులు, తమ తాతముత్తాతల గురించి. ఇంకో విషయం, ఇది చాలామంది దాటేస్తారు: హత్యల గురించిన చట్టాన్ని మొదటిసారి కాగితమ్మీద, అదే చర్మపత్రమ్మీద, పెట్టింది 1117-18 చలికాలంలో. మతం మారి వందేళ్లు దాటింది, అయినా గ్రాగాస్ అనే ఆ పాత చట్టాల్లో కొన్ని నేరాలకి తర్వాతి ఆల్తింగ్ లోపు చంపి పగ తీర్చుకునే హక్కు ఉంది. బైబిల్లో పగ తీర్చడం నా పని అని దేవుడంటాడు, మన చర్చిల్లో చాలామందికి ఆ వాక్యం నోటికొచ్చు. అది నమ్మిన సమాజమే ఈ హక్కునీ ఉంచుకుంది. ఈ రెంటి మధ్య నలిగిన మనుషుల కోసమే నేను సాగాలు చదువుతాను.

మొదట న్యాల్ సాగా తీసుకోండి. సుమారు 1280లో రాసింది, పెద్దది, పేర్లు ఎక్కువ. ఓపిక లేకపోతే మతమార్పిడి కథ వచ్చే 100వ అధ్యాయం నుంచి మొదలుపెట్టినా సరే, పేర్లు మాత్రం ఒక పేపరు మీద రాసుకోండి, ఎవరు ఎవరికి అల్లుడో తెలియకపోతే పగ ఎందుకు పాకుతోందో అర్థం కాదు. చదువుతూ, ఎవరైనా దేవుడి పేరెత్తినప్పుడల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి. పక్కన ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మాట ఏం చేయించడానికి అన్నారు?

న్యాల్ అంటే చట్టం బాగా తెలిసిన పెద్దమనిషి. హోస్కుల్డ్ అనేవాడు తన పొలంలో విత్తనాలు చల్లుతుండగా అతన్ని న్యాల్ కొడుకులు చంపుతారు. న్యాల్ పెంచిన పిల్లాడే అతను. దేవుడు నాకు సాయపడాలి, మిమ్మల్ని క్షమించాలి అని చనిపోతాడు. ఇక్కడ గీత పెట్టడం తేలిక. కొన్ని పేజీల తర్వాత అతని భార్య హిల్డిగున్, తన బాబాయి ఫ్లోసీ వచ్చినప్పుడు, భర్త చనిపోయిన రోజు కప్పుకున్న అంగీ తెచ్చి అతని మీద పడేస్తుంది, గడ్డకట్టిన రక్తం గలగలా రాలుతుంది. ఆ అంగీ ఫ్లోసీ ఇచ్చిన కానుకే. నీ క్రీస్తు శక్తులన్నిటి మీదా ఒట్టు, నీ మగతనం మీద ఒట్టు, ఈ గాయాలన్నిటికీ పగ తీర్చు, లేదంటే అందరి నోటా నీచుడివనిపించుకో అంటుంది. క్రీస్తు పేరుతోనే హత్య అడుగుతోంది. ఇక్కడ ఆగండి, రెండుసార్లు చదవండి. ఫ్లోసీ ముఖం ఎర్రబడి, పాలిపోయి, నల్లబడుతుంది.

అయినా అతను వెంటనే కత్తి తీయడు, ముందు రాజీకే ఒప్పుకుంటాడు. తీర్పరులు మూడింతల పరిహారం, అంటే చంపినందుకు చచ్చినవాడి తరఫువాళ్లకి కట్టే వెండి, వేసి, అందులో సగం తామే కడతారు. న్యాల్ ఆ వెండి కుప్ప మీద ఒక పట్టు అంగీ పెడతాడు, దాని మీద మాటామాటా పెరిగి అంతా చెడిపోతుంది. చట్టం చేతకాక కాదు, అవమానం తట్టుకోలేక చెడింది. తర్వాత ఫ్లోసీ మనుషుల్ని తీసుకుని న్యాల్ ఇల్లు తగలబెట్టడానికి బయల్దేరి, దారిలో అందరినీ చర్చికి వెళ్లి ప్రార్థన చెయ్యమంటాడు. ఇంటి ముందు నిలబడి, వెనక్కి పోతే మనకి చావు, నిప్పు పెడితే దేవుడి ముందు పెద్ద భారం, మనం క్రైస్తవులం కదా అంటాడు, అని నిప్పు పెడతాడు. దాన్ని వేషం అనుకుంటే సాగా చేజారిపోతుంది. అతనికి నిజంగానే భయం ఉంది, పరువు దానికంటే బరువుగా ఉంది. లోపల న్యాల్ కూడా దేవుడు మనల్ని రెండు లోకాల్లోనూ కాలనివ్వడు అని ఇంట్లోవాళ్లకి ధైర్యం చెప్తాడు, బయటికి రమ్మంటే మాత్రం ముసలివాణ్ణి, కొడుకుల పగ తీర్చలేను, సిగ్గుతో బతకను అంటాడు.

పుట్టుగుడ్డి ఆముండి కథ చిన్నదే కానీ వదలకండి. తండ్రిని చంపినవాడు పరిహారం ఇవ్వనంటే ఇతనికి ఒక్కసారిగా చూపు వస్తుంది, దేవుణ్ణి స్తుతించి గొడ్డలితో వాణ్ణి నరికేస్తాడు, మళ్లీ చూపు పోతుంది. దేవుడు పగని ఆశీర్వదించాడనీ, ఒక్క క్షణం అనుమతించి తలుపు మూశాడనీ రెండు రకాలుగా చదవొచ్చు. నాకు రెండోదే సరిగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత కథ పరిహారం వైపే నడుస్తుంది.

దీన్ని సీడా ప్రాంతపు హాల్ అనే పెద్దమనిషి కథతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆల్తింగ్‌లో జరిగిన కొట్లాటలో కొడుకు పోయాడు, అయినా శాంతి కోసం అతనికి పరిహారం అడగనంటాడు. అక్కడున్న జనం చందాలు వేసి నాలుగింతలు ఇస్తారు. క్షమించినందుకు పరువు పోకపోగా పెరిగిందని రచయిత పనిగట్టుకుని చూపిస్తున్నాడు. చివర్లో, ఆ మంటల్లోంచి తప్పించుకున్న న్యాల్ అల్లుడు కారి, ఫ్లోసీ ఇద్దరూ వేరువేరుగా రోమ్ వెళ్లి పాపవిమోచనం తెచ్చుకుని రాజీపడతారు. అయితే కారి రోమ్ వెళ్లింది చంపాల్సినవాళ్లని చాలామందిని చంపాక అని మర్చిపోకండి.

ఇది పూర్తయ్యాక రాఫ్న్ స్వేన్‌బ్యార్నర్సన్ సాగా చదవండి, ఇందులో జరిగినవి దాన్ని రాసినవాడికి దగ్గరి కాలానివే. రాఫ్న్ వైద్యుడు, యాత్రలు చేసిన భక్తుడు, తన శత్రువు థోర్వాల్డ్‌ని చంపే వీలు దొరికినా వదిలేస్తాడు. 1213లో అదే థోర్వాల్డ్ అతన్ని చంపించాడు. 1228లో రాఫ్న్ కొడుకులు థోర్వాల్డ్ ఉన్న ఇల్లు తగలబెట్టి అతన్ని చంపారు. న్యాల్ సాగా రాసినవాళ్ల చుట్టూ ఇలాంటి ఇళ్లు నిజంగానే కాలాయి, 1253లో ఫ్లుగుమిరి అనే చోట కూడా. ఓపిక మిగిలితే, అప్పటికి ఐస్‌లాండ్‌ని కూడా ఏలుతున్న నార్వే రాజు 1274లో నార్వేలో తెచ్చిన చట్టం, 1281లో ఐస్‌లాండ్‌కి వచ్చిన యోన్స్‌బోక్ అనే చట్టాల పుస్తకం చూడండి, పగని కుటుంబాల చేతుల్లోంచి రాజు చేతుల్లోకి లాగే ప్రయత్నం అక్కడ కనిపిస్తుంది.